పంటి పసుపు ఎక్కడుంది?

హైదరాబాద్‌లో నాంపల్లి స్టేషన్ నుంచి అబిడ్స్ జీపీవో దాకా నడిస్తే, పళ్లకు రంగు పట్టించేవీ, ఆ రంగు వదిలిస్తామనేవీ ఒకే బజారులో కనిపిస్తాయి. ఒకవైపు ఇరానీ చాయ్ హోటళ్లు, పాన్ డబ్బాలు, సిగరెట్ దుకాణాలు. ఇంకోవైపు మందుల షాపుల అద్దాల వెనుక ‘వైటెనింగ్’ అని రాసిన పేస్టులు, మేడ మీద దంత వైద్యుల బోర్డులు. పెళ్లి కుదిరిన అమ్మాయైనా, ఇంటర్వ్యూకు సిద్ధమవుతున్న అబ్బాయైనా అడిగే ప్రశ్న ఒకటే: పళ్లు తెల్లబడాలంటే డాక్టరు దగ్గరికి వెళ్లాలా, ఏదైనా తెచ్చి ఇంట్లోనే వాడుకుంటే సరిపోతుందా? ప్రశ్న సహజమైనదే కానీ, అది రెండోది. దానికంటే ముందు అడగాల్సింది మరొకటి ఉంది: పళ్ల పసుపు ఎక్కడుంది? పంటి పైన ఉందా, లోపల ఉందా, లోపలే అయితే ఎప్పుడు చేరింది? దీనికి జవాబు దొరికితే ఏ పద్ధతి పనిచేస్తుందో, ఎంతవరకు పనిచేస్తుందో, దేనికి పెట్టే డబ్బు దండగో చాలావరకు తేలిపోతుంది. క్లినిక్కా, ఇల్లా అన్నది ఆ తర్వాత మాట్లాడుకోవాల్సిన సంగతి.

పన్ను అసలు రంగు

ఆరోగ్యంగా ఉన్న పన్ను కాగితంలా తెల్లగా ఉంటుందనుకోవడం ప్రకటనలు నేర్పిన పొరపాటు. పంటి పైపొరను ఎనామిల్ అంటారు, మనం పింగాణీ పొర అనుకోవచ్చు. మన ఒంట్లో అంతకంటే గట్టి పదార్థం లేదు. బరువులో దాదాపు 96 శాతం ఖనిజమే, ముఖ్యంగా కాల్షియం, ఫాస్ఫేటు కలిసిన స్ఫటికాలు. అయితే ఆ పొర పూర్తిగా తెల్లనిది కాదు, కొంతవరకు వెలుతురును లోపలికి పోనిస్తుంది. దాని కింద ఉండే డెంటిన్ అనే పొరకు పుట్టుకతోనే లేత పసుపు ఛాయ ఉంటుంది. మన కంటికి కనిపించే పంటి రంగు ఈ రెండూ కలిసిన ఫలితం. పింగాణీ పొర మందంగా ఉండే అంచు దగ్గర పన్ను తెల్లగా, ఆ పొర పలచబడే చిగురు దగ్గర కాస్త పసుపుగా కనిపించేది అందుకే. కోరపళ్లు పక్కనున్న ముందుపళ్ల కంటే ముదురుగా ఉండటం కూడా మామూలే.

వయసు పెరిగేకొద్దీ రెండు మార్పులు ఒకేసారి జరుగుతాయి. దశాబ్దాల నమలడం వల్ల, తోమడం వల్ల పైపొర అరుగుతుంది. లోపల డెంటిన్ కొత్త పొరలు వేసుకుంటూ దళసరి అవుతుంది. పైన తెర పలచబడి, లోపలి పసుపు చిక్కబడితే పళ్లు ముదురు రంగుకు తిరగక తప్పదు. అరవై ఏళ్ల మనిషి పళ్లు ఇరవై ఏళ్ల మనవడి పళ్లకంటే పసుపుగా ఉంటే అది రోగమూ కాదు, అశుభ్రతా కాదు. తెలుపే అందమన్నది కూడా అన్ని కాలాల మాట కాదు. లోహపు ఉప్పులు, కాయల పొడి కలిపి చేసిన మిస్సీతో పళ్ల సందులను నల్లబరచుకోవడం ఒకప్పుడు మన దేశంలో చాలా ముస్లిం గృహాల్లో ఆడవాళ్ల అలంకారం. జపానులోనూ ఒకప్పుడు పళ్లన్నిటినీ నల్లగా మెరిపించుకోవడం పెద్దింటి మర్యాద. కాబట్టి తెల్లని పళ్లు కావాలనుకోవడంలో తప్పేమీ లేదు కానీ, అది ఆరోగ్యానికి కొలమానమనుకోవడం తప్పు. కాస్త పసుపు తిరిగినా గట్టిగా, పుచ్చు లేకుండా ఉన్న పన్ను మంచి పన్నే. తెల్లగా మెరుస్తూనే లోపల పుచ్చిపోయిన పళ్లూ ఉంటాయి.

పైన పట్టిన రంగు

బట్టల ఉతుకు తెలిసిన వాళ్లకు ఈ విషయమంతా తేలిగ్గా అర్థమవుతుంది. బట్టకు అంటిన మురికి రుద్ది ఉతికితే పోతుంది. నూలులోకి ఇంకిన మరకకు బ్లీచింగ్ కావాలి. నీలిమందు ఏ మరకనూ తీయదు కానీ, పసుపు ఛాయను కంటికి తెలియకుండా చేస్తుంది. పళ్లను తెల్లబరుస్తామని అమ్మే వస్తువులన్నీ ఈ మూడు పనుల్లో ఏదో ఒకటే చేస్తాయి. ఏ వస్తువు ఏ పని చేస్తుందో పెట్టె మీద స్పష్టంగా రాయరు, అంతే.

మొదట పైన అంటే రంగు సంగతి. పళ్ల మీద లాలాజలం నుంచి ఒక పలచని పొర ఎప్పుడూ ఏర్పడుతూనే ఉంటుంది. టీలోనూ, వక్క, కాచుల్లోనూ ఉండే వగరు పదార్థాలైన టానిన్లు ఆ పొరకు గట్టిగా పట్టుకుంటాయి. పొగాకులోని తారు కూడా అంతే. పొర మీద పాచి పేరుకుని, అది గట్టిపడి గారగా మారితే రంగు అంటుకోవడానికి గరుకు తలం దొరికినట్టే. అందుకే జర్దా కిళ్లీ నమిలేవాళ్ల కింది ముందుపళ్ల లోపలివైపు గోధుమ, నలుపు చారలు అంత మొండిగా ఉంటాయి. చాయ్ విషయంలో ఒక చిన్న ఊరట ఉంది. పాలలోని కేసిన్ అనే ప్రొటీన్ టానిన్లను తనకు అంటించుకుని పళ్లదాకా పోనివ్వదు. కెనడాలోని అల్బర్టా విశ్వవిద్యాలయం పరిశోధకులు తీసేసిన మనిషి పళ్లను టీలో నానబెట్టి చూస్తే, పాలు కలిపిన టీలో రంగు పట్టడం తగ్గిందని 2014లో ప్రకటించారు. ఆ లెక్కన చిక్కటి పాలతో చేసే ఇరానీ చాయ్ కంటే పాలు లేని సులేమానీ చాయ్ పళ్లకు ఎక్కువ రంగు పట్టించే అవకాశం ఉంది. పుక్కిలించే మందుల్లో క్లోర్‌హెక్సిడిన్ ఉన్నవాటిని వారాల తరబడి వాడినా గోధుమ రంగు పడుతుంది. చాలామంది దాన్ని రోగమనుకుని కంగారుపడతారు.

ఈ రకం పసుపుకు బ్లీచింగ్ అక్కర్లేదు. డాక్టరు దగ్గర గార తీయించి పాలిష్ చేయించుకుంటే చాలు. ఒక్క కూర్చుడులో అయిపోయే పని ఇది. దీంతోనే ‘నా పళ్లు ఇంత తెల్లగా ఉంటాయా’ అని ఆశ్చర్యపోయేవాళ్లు చాలామంది ఉంటారు, ఎందుకంటే వాళ్ల పసుపులో సింహభాగం పైపూతే. క్లీనింగ్ వల్ల పళ్లు అరిగి వదులవుతాయన్న భయం మన ఊళ్లలో బలంగా ఉంది. నిజానికి జరిగేది వేరు. ఏళ్ల తరబడి గార పెరిగినచోట చిగురు, ఎముక ముందే కిందికి జారి ఉంటాయి. ఆ గార గోడలా అడ్డుగా ఉండి కదలికను దాచిపెడుతుంది. గోడ తీసేయగానే లోపం బయటపడుతుంది. నింద మాత్రం తీసిన చేతి మీద పడుతుంది.

మరి వైటెనింగ్ పేస్టులు? వాటిలో ఎక్కువ భాగం సున్నితమైన గరుకు పొడులతో పైరంగును రుద్ది తీసేవే. కొన్నింటిలో బ్లూ కోవరిన్ అనే నీలి రంగు ఉంటుంది. అది అచ్చంగా నీలిమందు పనే: తోమిన వెంటనే తెల్లగా అనిపిస్తుంది, పంటి లోపలి రంగు మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది. ఈమధ్య ఫ్యాషన్‌గా వచ్చిన బొగ్గు పేస్టుల గురించి అమెరికన్ డెంటల్ అసోసియేషన్ పత్రికలో 2017లో వచ్చిన ఒక సమీక్ష, అవి సురక్షితమనడానికి గానీ పనిచేస్తాయనడానికి గానీ తగిన ఆధారం లేదని తేల్చింది. ‘మా తాతలు బొగ్గుతో, కచ్చికతో, వేపపుల్లతో తోముకునేవాళ్లు, వాళ్ల పళ్లు ముత్యాల్లా ఉండేవి కదా’ అనే అభ్యంతరం ఇక్కడ తప్పకుండా వస్తుంది. వేపపుల్ల విషయంలో అందులో నిజం ఉంది. నమిలిన పుల్ల మంచి కుంచెలా పాచిని తీస్తుంది. ఆ కాలపు తిండిలో చక్కెర తక్కువన్న సంగతీ మరిచిపోకూడదు. కానీ బొగ్గు, బూడిద, ఇటుకపొడి లాంటివి మొదట్లో మెరుపునిచ్చినా ఏళ్ల మీద పింగాణీ పొరను అరగదీస్తాయి. ఆ పొర అరిగేకొద్దీ కింది పసుపే బయటికొస్తుంది, అంటే తెలుపు కోసం చేసిన పనే పసుపును తెస్తుంది. పైగా మనకు గుర్తుండేది ఎనభై ఏళ్లకూ పళ్లు నిలిచిన తాతలే. నలభైకే నోరు బోసిపోయినవాళ్లను ఎవరూ ఉదాహరణగా చెప్పరు.

నిమ్మరసం, ఉప్పు కలిపి రుద్దడం ఇంకా ప్రమాదం. నోటిలో పీహెచ్ 5.5 కంటే దిగితే, అంటే ఆమ్లత పెరిగితే, పింగాణీ పొరలోని ఖనిజం కరగడం మొదలవుతుంది. నిమ్మరసం పీహెచ్ రెండు, రెండున్నర మధ్య ఉంటుంది. ఆమ్లంతో మెత్తబడిన పొరను వెంటనే ఉప్పుతో రుద్దితే తెల్లబడినట్టు కనిపించేది శుభ్రపడటం వల్ల కాదు, పైపొర ఊడిపోవడం వల్ల. పోయిన పింగాణీ పొరను శరీరం మళ్లీ పుట్టించలేదు.

లోపలి రంగును కదిలించే మందు

పైపూత పోయాక కూడా పళ్లు పసుపుగానే ఉంటే, ఆ రంగు డెంటిన్‌లో ఉందన్నమాట. దాన్ని చేరగలిగింది, ఈనాటికీ, ఒకే రకం మందు: పెరాక్సైడ్. హైడ్రోజన్ పెరాక్సైడ్ అణువు చాలా చిన్నది. పింగాణీ పొరలోని సూక్ష్మమైన సందుల గుండా డెంటిన్‌లోకి, కొద్ది నిమిషాల్లోనే పంటి మధ్యనుండే నరాల గది వరకు చేరుతుంది. రంగునిచ్చే పెద్ద అణువులను ఆక్సీకరించి, వెలుతురును పీల్చుకోని చిన్న అణువులుగా విడగొడుతుంది. రంగు పదార్థం బయటికి పోవడం కంటే రంగుగా కనిపించడం మానేస్తుందనడం సరైన మాట. ఇళ్లలో వాడే మందుల్లో ఎక్కువగా కార్బమైడ్ పెరాక్సైడ్ ఉంటుంది. అది నోటిలో నెమ్మదిగా విడిపోయి హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను ఇస్తుంది. 10 శాతం కార్బమైడ్ అంటే సుమారు మూడున్నర శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో సమానం. పెట్టె మీది అంకెలను పోల్చేటప్పుడు ఈ లెక్క తెలియకపోతే మోసపోతాం.

ఈ పద్ధతి పుట్టింది కూడా యాదృచ్ఛికంగానే. 1960ల చివర్లో అమెరికాలోని ఆర్కాన్సా రాష్ట్రంలో బిల్ క్లుస్మియర్ అనే దంత వైద్యుడు చిగుళ్ల పుండ్లు మానడానికి క్రిమినాశకంగా వాడే కార్బమైడ్ పెరాక్సైడ్‌ను రాత్రిపూట పళ్ల తొడుగులో వేయించి, చిగుళ్లతోపాటు పళ్ల రంగూ మారడం గమనించాడు. 1989లో హేవుడ్, హేమన్ అనే ఇద్దరు వైద్యులు దాన్ని శాస్త్ర పత్రికలో వివరించాక ప్రపంచమంతా పాకింది. అంటే ఇప్పుడు ‘ఇంటి పద్ధతి’ అనుకునేది వైద్యుల చేతుల్లో పుట్టి, వాళ్ల పర్యవేక్షణలో ఇంటికి వెళ్లినదే.

క్లినిక్‌లో చేసేటప్పుడు 25 నుంచి 40 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ వాడతారు. చిగుళ్లకు తగిలితే కాలుతుంది కాబట్టి ముందుగా వాటి మీద రక్షణ పూత వేస్తారు. పదిహేను నిమిషాల చొప్పున రెండు మూడు సార్లు మందు రాసి, గంట, గంటన్నరలో ముగిస్తారు. ఇంటి పద్ధతిలో వైద్యుడు పళ్ల అచ్చు తీసి పలచని తొడుగు చేయించి ఇస్తాడు. 10 శాతం కార్బమైడ్ జెల్‌ను అందులో చుక్కలుగా వేసి రాత్రిపూట పెట్టుకోవాలి. రెండు గంటలకు మందు శక్తి సగానికి దగ్గరగా తగ్గినా, తెల్లవారేదాకా కొంత పనిచేస్తూనే ఉంటుంది. మామూలు పసుపుకు రెండు వారాలు పడుతుంది. దుకాణాల్లో దొరికే పట్టీలు కూడా ఇదే సూత్రం మీద పనిచేస్తాయి. కానీ అవి అందరికీ ఒకే కొలతవి, వంకర పళ్ల సందుల్లోకి చేరవు. మన పళ్ల వరుసకు అచ్చు పోసిన తొడుగుకూ, వాటికీ తేడా అక్కడే.

ఇప్పుడు అసలు ప్రశ్నకు రావచ్చు. రెండింట్లో ఏది ఎక్కువ తెల్లబరుస్తుంది? రసాయనం ఒకటే కాబట్టి గమ్యం కూడా దాదాపు ఒకటే, మారేది వేగం. క్లినిక్‌లో గంటలో కనిపించే తెలుపు ఇంట్లో రెండు వారాలకు వస్తుంది. అయితే ఆ గంట ఫలితంలో కొంత అప్పు ఉంటుంది. నోరు తెరిచి ఉంచి, పళ్లను ఆరబెట్టినప్పుడు తడి ఆరిపోయి పన్ను ఉన్నదానికంటే తెల్లగా కనిపిస్తుంది. లాలాజలం మళ్లీ తగిలాక ఆ వాటా తగ్గిపోతుంది. అందుకే రంగు కుదురుకున్నాక, రెండు వారాల తర్వాత, చూసేదే నిజమైన ఫలితం. సంతలోనైనా, నుమాయిష్‌లోనైనా, ఖరీదైన క్లినిక్‌లోనైనా అప్పటికప్పుడు అద్దంలో చూపించే తెలుపును పూర్తిగా నమ్మకూడదన్నది ఇందువల్లే. నీలి దీపం, లేజర్ మాటకొస్తే, వాటితోనూ అవి లేకుండానూ చేసిన చికిత్సలను పోల్చిన సమీక్షలు, గాఢమైన జెల్‌కు దీపం చేర్చినందువల్ల నిలకడైన అదనపు లాభమేమీ చూపలేదు. దీపానికి వేరే ధర చెబితే, అది లేకుండా చేస్తారా అని అడగడం మర్యాద తప్పినట్టేమీ కాదు.

ఇంటి పద్ధతుల మీద కోక్రేన్ సంస్థ 2018లో 71 పరిశోధనలను కలిపి చూసింది. మందులు కొంతకాలం పాటు పళ్లను తెల్లబరుస్తాయని కనిపించినా, ఆధారాలు బలహీనంగా, తక్కువ కాలపు పరిశీలనలతో ఉన్నాయని చెప్పింది. తరచుగా కనిపించిన ఇబ్బందులు రెండు: పళ్లు జివ్వుమనడం, చిగుళ్లు మండటం. గాఢత పెరిగితే ఇవీ పెరుగుతాయి. పెరాక్సైడ్ నరాల గదిదాకా పోతుందని ముందే చెప్పుకున్నాం కదా, చల్లటి నీళ్లకు పళ్లు గుంజడానికి కారణం అదే. ఎక్కువమందిలో ఇది కొద్ది రోజుల్లో తగ్గుతుంది. రోజు విడిచి రోజు పెట్టుకోవడం, పొటాషియం నైట్రేట్ ఉన్న పేస్టు వాడటం ఉపశమనమిస్తాయి. బ్లీచింగ్ పింగాణీని తినేస్తుందన్న భయం మాత్రం అతి. ఆమ్లత లేని 10 శాతం జెల్‌ను చెప్పినంత కాలమే వాడితే చెప్పుకోదగ్గ నష్టం కనిపించలేదు. ప్రమాదం మందులో కంటే మోతాదు మీరడంలో ఉంది. తెలుపు శాశ్వతమూ కాదు. తిండీ, చాయ్, వయసూ తమ పని మానవు కాబట్టి ఒకటి రెండేళ్లలో రంగు కొంత వెనక్కి వస్తుంది.

నల్లగొండ నీళ్లు, చిన్ననాటి మాత్రలు

ఏ పద్ధతికీ తేలిగ్గా లొంగని రంగులు కొన్ని ఉన్నాయి. తెలుగువాళ్లకు వాటిలో మొదటిది ఫ్లోరైడ్ మచ్చ. మన దేశంలో ఫ్లోరోసిస్‌ను తొలుత శాస్త్రీయంగా గుర్తించింది 1937లో, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో, షార్ట్ అనే పరిశోధకుడు, అతని సహచరులు. తర్వాత ఆ జబ్బుకు మారుపేరుగా నిలిచింది నల్లగొండ. పటిక, సున్నం వేసి నీటిలోని ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతికి నాగపూర్‌లోని నీరి సంస్థ పెట్టిన పేరు కూడా ‘నల్లగొండ టెక్నిక్’. తాగే నీటిలో లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములకు మించిన ఫ్లోరైడ్ ఉంటే, దవడలో ఇంకా తయారవుతున్న పసిపిల్లల పళ్లలో పింగాణీ సరిగా గట్టిపడదు. ఎనిమిదేళ్లలోపు జరిగిన ఆ నష్టం పన్ను మొలిచాక సున్నపు మచ్చలుగా కనిపిస్తుంది, తర్వాత ఆ గుల్ల భాగంలోకి రంగు ఇంకి గోధుమ చారలవుతుంది. ఇక్కడ బ్లీచింగ్ గోధుమ రంగును తగ్గించగలదు కానీ తెల్ల మచ్చను తీయలేదు. మొదటి రోజుల్లో ఆ మచ్చ మరింత తెల్లగా తేలి, ‘అధ్వాన్నమైంది’ అనిపించవచ్చు కూడా. లేత మచ్చలకు పైపొరను వెంట్రుకవాసి మేర ఆమ్లంతో, పొడితో గీకే పద్ధతి, గుల్ల భాగంలోకి పారదర్శకమైన రెసిన్‌ను ఇంకించే పద్ధతి పనికొస్తాయి. గుంటలు పడ్డ పళ్లకు పైతొడుగులే దారి.

రెండోది టెట్రాసైక్లిన్ మచ్చ. గర్భిణిగా ఉన్నప్పుడు తల్లికో, ఎనిమిదేళ్లలోపు బిడ్డకో ఈ మందు ఇస్తే, అది కాల్షియంతో కలిసి పళ్ల లోపల అడ్డ పట్టీలుగా స్థిరపడుతుంది. పసుపు ఛాయ ఉన్నవి కొంత లొంగుతాయి. బూడిద, నీలం ఛాయలవి నెలల తరబడి రాత్రి తొడుగు పెట్టినా సగంలో ఆగిపోవచ్చు. మూడోది దెబ్బ తగిలి నరం చచ్చి, ఒక్కటే నల్లబడ్డ పన్ను. దానికి బయటినుంచి ఎన్ని పట్టీలు అంటించినా పక్క పళ్లు తెల్లబడి ఆ ఒక్కటీ మరింత కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. వేరు చికిత్స చేసి లోపలినుంచి మందు పెడితేనే మార్పు. నాలుగోది పన్నే కాదు: క్యాపులు, సిమెంటు ఫిల్లింగులు. పెరాక్సైడ్‌కు అవి లొంగవు. అసలు పళ్లు తెల్లబడ్డాక పాత క్యాపు పసుపుగా మిగిలిపోతుంది. కాబట్టి ముందుపంటికి క్యాపు వేయించాల్సి ఉంటే ముందు తెల్లబరచి, రెండు వారాలు ఆగి, ఆ రంగుకు సరిపడా క్యాపు చేయించడం తెలివైన వరుస.

అయితే డాక్టరు ఎందుకు?

రసాయనం ఒకటే, గమ్యం ఒకటే అంటున్నప్పుడు, ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే జెల్ ఉండగా డాక్టరుకు ఎందుకు డబ్బివ్వాలన్నది న్యాయమైన అభ్యంతరం. డాక్టరుకు ఇచ్చేది మందు ఖరీదు కంటే నిర్ణయం ఖరీదు. పుచ్చు ఉన్న పంటిలోకి, పగిలిన ఫిల్లింగ్ సందులోకి పెరాక్సైడ్ పోతే జివ్వుమనడం నొప్పిగా మారుతుంది. పైపూతను లోపలి రంగనుకుని బ్లీచింగ్‌కు ఖర్చుపెట్టేవాళ్లూ, చచ్చిన పంటిని మామూలు పసుపనుకుని పట్టీలు కొనేవాళ్లూ పోగొట్టుకునేది డబ్బుతోపాటు చికిత్సకు సరైన సమయాన్ని కూడా. ఈ కారణాలతోనే ఐరోపా దేశాల కూటమి 2012 అక్టోబరు నుంచి 0.1 శాతం కంటే ఎక్కువ హైడ్రోజన్ పెరాక్సైడ్ ఉన్న తెల్లబరిచే మందులను నేరుగా అమ్మకూడదంది. 6 శాతం వరకు ఉన్నవాటిని మొదటిసారి దంత వైద్యుడి చేతుల మీదుగానే వాడాలంది. పద్దెనిమిదేళ్లలోపు వాళ్లకు వద్దంది. మన ఎండలు ఇంకో కారణం చేరుస్తాయి. పెరాక్సైడ్ వేడికి, వెలుతురుకు విడిపోతుంది. ఏప్రిల్, మే నెలల్లో గోదాముల్లో, డెలివరీ బండ్లలో నలభై డిగ్రీల వేడిలో తిరిగి వచ్చిన జెల్‌లో పెట్టె మీద రాసినంత శక్తి మిగిలిందన్న హామీ ఎవరూ ఇవ్వలేరు.

డాక్టరంటే ఖరీదైన కాస్మెటిక్ క్లినిక్కే కానక్కర్లేదు. అబిడ్స్ నుంచి కోఠీ మీదుగా అఫ్జల్‌గంజ్ వెళ్తే ఉస్మానియా ఆసుపత్రి దగ్గర ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉంది. పళ్లు చూపించుకుని, పసుపు ఎక్కడుందో తెలుసుకోవడానికి అలాంటి చోటు చాలు. అక్కడినుంచి వరుస తేలికే. మొదట పుచ్చు, చిగుళ్ల జబ్బు బాగుచేయించుకోవాలి. తర్వాత గార తీయించి, అప్పటికీ తెలుపు చాలదనిపిస్తే బ్లీచింగ్ గురించి ఆలోచించాలి. పెళ్లి వారంలో ఉంటే క్లినిక్ పద్ధతి, నెల వ్యవధి ఉంటే తక్కువ గాఢతతో రాత్రి తొడుగు. గర్భిణులు, పిల్లలు ఆగడం మంచిది. మొదలుపెట్టే ముందు వైద్యుడి దగ్గరుండే ఛాయల నమూనాతో ఇప్పటి రంగును పోల్చి రాయించుకోవాలి, రెండు వారాల తర్వాత మళ్లీ పోల్చాలి. ఈ వరుసలో వెళ్తే కొందరు రెండో మెట్టు దగ్గరే, గార పోగానే, తృప్తిపడి ఆగిపోతారు. ఇంకొందరికి తమ పళ్ల రంగు వయసుకు తగిన మామూలు రంగేనని తెలుస్తుంది. ఆ తర్వాత కూడా తెల్లబరచుకోవాలనుకుంటే అది వాళ్ల ఇష్టం, ముచ్చట. ఎంత మారుతుందో, ఎన్నాళ్లు నిలుస్తుందో, ఎంత జివ్వుమంటుందో తెలిసి పెట్టే ఖర్చు గనుక దాని గురించి తర్వాత చింతపడాల్సిన పని ఉండదు.